పల్లం అని నేను చెప్పిన నేల

అమెరికాలో బానిసత్వం ఏ రోజున అంతమైందన్న ప్రశ్నకు ఒకే తేదీ లేదు. అధ్యక్షుని ప్రకటన అమల్లోకి వచ్చినది 1863 జనవరి 1. ఆ వార్తను సైన్యం టెక్సాస్ తీరానికి తెచ్చి చదివి వినిపించినది 1865 జూన్ 19. రాజ్యాంగ సవరణ అదే ఏడాది డిసెంబరులో జరిగింది. టెక్సాస్‌లోని నల్లవారు ఈ మూడింటిలో రెండవదానినే తమదిగా ఎంచుకున్నారు. 1980 నుంచి ఆ రాష్ట్రంలో అది సెలవుదినం. తేదీలు సరిగ్గా చెప్పడం నా అలవాటు. తేదీ తప్పు చెప్పిన మనిషి తక్కిన మాటల మీద కూడా నాకు అనుమానమే. అంకె చెప్పినవాణ్ణి మాత్రం వెంటనే నమ్మేవాణ్ణి. 1983 మార్చిలో ముగ్గురు మనుషులు నన్ను కూడా ఆ కారణంతోనే నమ్మారు.

నేను ఆ దేశానికి వెళ్లినది 1969లో. రోడ్ల కింద, ఇళ్ల మధ్య వాననీరు ఎటు పోవాలో లెక్కకట్టే ఇంజనీరు ఉద్యోగం నాది. 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటుహక్కు చట్టం, అదే 1965లో మా వంటివారికి తలుపు తీసిన వలస చట్టం. ఆ వరుస చూస్తేనే తెలుస్తుంది, ఆ తలుపును మాకంటే ముందు ఎవరు ఎంతకాలం తట్టారో. ఆ సంవత్సరాలు నాకు కంఠతా వచ్చు. ఎవరైనా అడిగితే చెప్పేవాణ్ణి. మా ఇళ్లలో ఎవరూ అడగలేదు.

టెక్సాస్‌లోని ప్లేనో ఊళ్లోనూ చుట్టుపక్కలా స్థిరపడిన తెలుగు క్రైస్తవ కుటుంబాలం కొద్దిమందిమి కలిసి 1978లో ఒక సంఘంగా ఏర్పడ్డాము. అందరమూ కోస్తా జిల్లాలవాళ్లమే. ఆదివారం మధ్యాహ్నం తెలుగులో ఆరాధన జరుపుకోవడానికి ఒక హాలు కావలసి వచ్చింది. తెల్లవారి చర్చిలు రెండింటిని అడిగాము, ఆలోచించి చెబుతామన్నారు. మూడవది నల్లవారి చర్చి. అక్కడి డీకన్, అంటే సంఘ పరిచారకుడు, అప్పటికే డెబ్బై దాటిన మనిషి. అడిగిన రోజే తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

ఆరు నెలలు తిరగకముందే మేము ఆ వంటగదిలో మాకొక అలమర అడిగి తీసుకుని, మా కప్పులు, మా గిన్నెలు అందులో పెట్టి తాళం వేసుకున్నాము. వాళ్ల కప్పులు వరుసగా కొక్కేలకు వేలాడుతూనే ఉండేవి. మా మసాలా వాసన వాళ్లకు పడదేమోనని డీకన్‌తో చెప్పినది సంఘ కార్యదర్శినైన నేనే. ఆయన నా ముఖం వంక కొంచెం సేపు చూసి, ఆ అలమరకు గడియను స్వయంగా బిగించి ఇచ్చాడు.

ఆ చర్చి వెనుక వాగు వైపుకు వాలుగా దిగే సమాధుల నేల ఉంది. 1865 తరువాత విడుదలైన మనుషులు ఈ ప్రాంతంలో తమ పేరిట మొదట సంపాదించుకున్నది ఆ నేలనేనని డీకన్ చెప్పేవాడు. వాగు పక్కన ఉండడం చేత మరెవరికీ అక్కరలేకపోయిందట. తోటలాంటి పెద్ద శ్మశానం ఒకటి హైవే పక్కన ఉంది. అందులో 1960ల దాకా నల్లవారికి ప్రవేశం లేదు. స్కూళ్లలో, బస్సుల్లో, హోటళ్లలో గీసిన గీతనే మట్టి కింద కూడా గీశారన్నమాట.

"నేను వయసులో ఉన్నప్పుడు అక్కడ గడ్డి కోసే పని నాది, ఇంజనీరూ," అన్నాడాయన ఒకసారి. "గేటు తాళం నా జేబులోనే ఉండేది. మా ఆవిడ పోయినప్పుడు మాత్రం ఆ గేటు మాకు తెరుచుకోలేదు." తరువాత నవ్వి, "ఒకందుకు మంచిదే. అక్కడైతే గడ్డి రెండంగుళాలు దాటకూడదు. ఇక్కడ ఆవిడకు నచ్చినంత పెంచుతాను" అన్నాడు.

మా సంఘంలో ఒక యువకుడుండేవాడు. ఎలక్ట్రానిక్స్ కంపెనీలో టెక్నీషియన్. భార్య నర్సు. కృష్ణా జిల్లాలో ఊరికి ఎడంగా ఉన్న పల్లె నుంచి చదువుకుని వచ్చినవాడు. మేము, అంటే సంఘ పెద్దలుగా చెలామణి అయిన ముగ్గురమూ, తాతల కాలంలో ఊరి మధ్య ఇళ్ల నుంచి మతంలోకి వచ్చిన కుటుంబాలవాళ్లం. ఈ తేడాను మేము ఎన్నడూ నోటితో పలకలేదు. అతను శనివారాలు డీకన్‌తో కలిసి ఆ సమాధుల మధ్య గడ్డి కోయడానికి వెళ్లేవాడు. ఆరాధన అయ్యాక కాఫీ దగ్గర మావాళ్లు అతన్ని వదిలేవాళ్లు కాదు.

"ఏం బ్రదర్, వీకెండ్ జాబ్ దొరికిందంట?"

"దొరికిందండి. పర్మనెంట్. లేఆఫ్ ఉండదు, కస్టమర్ కంప్లైంట్ చేయడు."

"మీ నాన్న అంత కష్టపడి చదివించింది గడ్డి కోయడానికా?"

"మా నాన్న కొడవల్తో కోసేవోడండి. నేను మెషీన్‌తో కోస్తన్నాను. ప్రమోషనే కదా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

1981 వసంతంలో అతను నన్ను సాయం అడిగాడు. వానలకు కింది మూల సమాధులు మునుగుతున్నాయి, నీళ్లు మళ్లించడానికి దారి చెప్పమన్నాడు. ఒక శనివారం ఆఫీసు నుంచి లెవెల్ యంత్రం తీసుకెళ్లి ఎత్తుపల్లాలు కొలిచాను. వాగును ఆనుకున్న మూల పల్లం; వాగు పొంగితే అక్కడ మూడడుగుల నీరు నిలుస్తుంది. చర్చి వైపు భాగం దానికంటే తొమ్మిదడుగులు ఎత్తు; అక్కడికి నీరు ఎక్కే అవకాశం లేదు. రెండు భాగాలకూ మధ్య ఒక కాలువ గీత గీసి ఇచ్చాను. అతనూ డీకనూ మరికొందరూ కలిసి దాన్ని తవ్వారు. ఆ నేల గురించి ఆ ఊళ్లో నాకు తెలిసినంత మరొకరికి తెలియదని చెప్పగలను.

1983 మార్చిలో, ఒక మంగళవారం నాడు, అతను పని చేస్తున్న చోటే గుండె ఆగి పోయాడు. ముప్పై నాలుగేళ్లు. ఆస్పత్రికి మా కంటే ముందు చేరినది డీకన్. తన భార్య సమాధికి ఎగువన, చర్చి గోడకు దగ్గరగా ఉన్న చోటు ఇస్తానని ఆయన అంటే, అతని భార్య సరేనంది. శనివారం భూస్థాపన అనుకున్నారు.

బుధవారం సాయంత్రం ముగ్గురు పెద్దలం మా ఇంటి హాల్లో కూర్చున్నాము. బయట వాన ఎడతెరిపి లేకుండా కురుస్తోంది. పాస్టరుగారు నెలకొకసారి వేరే ఊరి నుంచి వచ్చే మనిషి కనుక ఇటువంటి విషయాలు మా మీదే పడేవి.

"ఇతన్ని అక్కడ పెట్టామనుకోండి, రేపు మనందరికీ అదే ప్లేస్ అయిపోద్ది" అన్నాడు వయసులో పెద్దవాడు.

"ఇండియాకి ఆల్బమ్ పంపాలి కదండీ," అన్నాడు రెండవ ఆయన. "బాక్స్ చుట్టూ నిలబడి ఫోటోలు తీస్తాం. వెనకాల ఎవరు పడతారు?"

"ఎవరు పడితే ఏంటంట?" వంటగదిలోంచి మా ఇంటావిడ గొంతు.

"అది కాదు వదినగారూ. వాళ్లు చాలా మంచోళ్లు. మనం కాదంటున్నామా? కానీ హాల్ అంటే రెండు గంటలు వాడుకుంటాం, వచ్చేస్తాం. ఇది అలా కాదు కదా. ఇక రావడం ఉండదు."

హైవే పక్క తోటలో అడిగితే వెంటనే చోటు ఇస్తారని అప్పటికే వాకబు చేసుకుని వచ్చారు. తక్కువైనది ఒక్కటే, భర్త పోయిన మనిషికి చెప్పదగిన కారణం. తరువాత ఇద్దరూ నా వైపు తిరిగారు.

"అన్నగారూ, మీరు అక్కడేదో సర్వే చేశారు కదా? వాటర్ ప్రాబ్లమ్ ఉందన్నట్టు గుర్తు."

"ఉంది," అన్నాను. "ఆ నేల పల్లం. వాగు పొంగితే మూడడుగుల నీరు నిలుస్తుంది."

చెప్పిన ప్రతి మాటా కొలిచి చెప్పిందే. ఏ మూల అన్నది నేను చెప్పలేదు; వాళ్లు అడగలేదు. గదిలో అందరి భుజాలూ ఒక్కసారి కిందికి దిగాయి. "అదీ మాట. ఇంజనీరు చెప్పాక ఇంకేముంది," అన్నాడు పెద్దాయన. మా ఇంటావిడ టీ తెచ్చి బల్ల మీద పెట్టి, కూర్చోకుండా వెళ్లిపోయింది.

మా ఊరి సమాధుల దొడ్డికి నడుమ ఒక గోడ ఉంది. ఊరివాళ్ల వైపు మెరక, పల్లెవాళ్ల వైపు పంటకాలువ. ఇరువైపులా ఒకే సిలువలు, ఒకే వాక్యాలు. చిన్నప్పుడు ఈస్టరు తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని గోడకు ఇవతల మేము, అవతల వాళ్లు నిలబడి ఒకే కీర్తన పాడేవాళ్లం. ఆ గోడను ఏ సంవత్సరంలో, ఎవరు కట్టించారో నాకు తెలియదు. ప్రతిదానికీ తేదీ వెతికే నేను ఆ ఒక్క తేదీ కోసం ఎన్నడూ ఎవరినీ అడగలేదు.

గురువారం పొద్దున్న నేనూ మా ఇంటావిడా ఆ యువకుడి భార్య అపార్ట్‌మెంటుకు వెళ్లాము. విషయం నేనే చెప్పాను. ఆమె వాదిస్తుందనీ, డీకన్‌కు మాట ఇచ్చానంటుందనీ అనుకుని, దానికి జవాబులు సిద్ధం చేసుకుని వెళ్లాను. ఆమె వాదించలేదు.

"నీళ్లా అన్నయ్యగారూ? మూడడుగులా?"

"పొంగినప్పుడు."

ఆమె కుర్చీలో కూర్చుండిపోయింది. "వాళ్ల తాతని పెట్టింది కాలవ కింద దొడ్డిలో. వరదొచ్చిన ఏడు పెట్టె పైకి తేలిందంట. తాళ్లు కట్టి మళ్లీ దించారంట. ఈయన గట్టు మీద నిలబడి చూశాడంట, చిన్నోడు. నాకు ఒక్కసారే చెప్పాడు, మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు." చున్నీ కొసతో ముఖం తుడుచుకుంది. "అందుకే కదా శనివారం వస్తే చాలు, అక్కడికి పరిగెత్తేవోడు. ఆ కాలవ తవ్వినప్పుడు చేతులు బొబ్బలెక్కిపోయినాయి. నీళ్లున్న చోట వద్దన్నయ్యగారూ. మీరెక్కడంటే అక్కడే."

నా అంకె ఆమెను ఒప్పించింది. మా ముగ్గురికీ అది ఒక సాకు మాత్రమే. ఆమె ఒక్కతే దాన్ని నిజంగా విన్నది.

కారులో మా ఇంటావిడ అడిగింది: "కాలవ తవ్వాక కూడా నీళ్లొస్తున్నాయా?"

"కింది మూలకి వస్తాయి."

"వాళ్లిచ్చింది కింది మూలా?"

నేను రోడ్డు చూస్తూ డ్రైవ్ చేశాను.

డీకన్‌కు చెప్పవలసిన పని కూడా నాదే. దాన్ని శుక్రవారం పొద్దుటి దాకా వాయిదా వేశాను. ఆఫీసుకు వెళ్తూ చర్చి వెనుక కారు ఆపేసరికి, డీకనూ మరి ముగ్గురూ పారలు పట్టుకుని అప్పటికే గొయ్యి తవ్వేశారు. తమవాళ్లనుకున్న మనుషులకు అక్కడ యంత్రం పెట్టరు, చేతులతోనే తవ్వుతారు. అక్కడి నేల మన గుంటూరు వైపు నేలలాగే నల్లరేగడి. బూట్లకు ముద్దలుగా అంటుకుంటోంది. రెండు రోజుల కిందట కురిసిన వానకు పైన బురదగా ఉంది గాని, గొయ్యి లోపలికి తొంగి చూస్తే గోడల మీద పార గుర్తులు నున్నగా నిలిచి ఉన్నాయి. అడుగున చుక్క నీరు ఊరలేదు.

"చూడు, ఇంజనీరూ," అన్నాడు డీకన్, పార మీద ఆనుకుని. "నువ్వు గీసిన కాలువ మొన్నటి వానంతా మోసుకుపోయింది. ఆ కుర్రాడు ఉంటే నీకు చూపించి మురిసిపోయేవాడు."

నేను కాదని చెప్పడానికి వచ్చిన మనిషిని. "ఆమె మనసు మార్చుకుంది," అన్నాను.

నా జీవితంలో నేను చెప్పిన మాటల్లో దానిని దేనితోనూ పోల్చలేను. మనసు మార్చినది నేను. దాన్ని ఆమె మీద పెట్టాను.

డీకన్ టోపీ తీశాడు. "భర్త పోయిన మనిషిని కారణం అడగకూడదు. ఎక్కడ పెడుతున్నారు?"

హైవే పక్క తోట పేరు చెప్పాను. ముగ్గురిలో ఒకడు ఏదో అనబోతే డీకన్ చెయ్యి అడ్డం పెట్టాడు. టోపీ మళ్లీ పెట్టుకుని, "పూడ్చండి. తెరిచిన గొయ్యిని ఖాళీగా ఉంచకూడదు" అని తానే ముందు వంగాడు. తడి రేగడి ముద్ద ఒకటి లోపల పడింది. పొడి నేల మీద పడినట్టు చప్పుడైంది. రెండో పార ఎత్తారు.

"ఆగండి," అన్నాను. "ఒక గంట. నేను వెళ్లి వస్తాను."

అపార్ట్‌మెంటులో అప్పటికి మా సంఘం ఆడవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. మా ఇంటావిడ కూడా ఉంది. అందరి ఎదుటా చెప్పవలసి వచ్చింది.

"అమ్మా, నేను చెప్పిన నీళ్లు కింది మూలవి. వాళ్లిచ్చిన చోట నీళ్లు లేవు. ఇప్పుడే చూసి వస్తున్నాను."

ఆమె తలెత్తి చూసింది. "నిన్న మీకు తెలీదా అన్నయ్యగారూ?"

"తెలుసు."

గదిలో ఎవరో గాజులు సర్దుకున్న చప్పుడు వినబడింది. ఆమె కేకలు వేయలేదు. "రేపు సాయంత్రం, అంతా అయిపోయాక తెలిసుంటే నేనేం చేసేదాన్ని?" అని మాత్రం అంది. అది నన్ను అడిగినట్టు లేదు. తరువాత మా ఇంటావిడ వైపు తిరిగి, "వదినా, ఆ ఫోన్ ఇలా ఇవ్వు. డీకన్‌గారితో నేనే మాట్లాడతాను" అంది.

శనివారం భూస్థాపన చర్చి వెనుకనే జరిగింది. మిగతా పెద్దలిద్దరూ వచ్చి కార్ల దగ్గరే నిలబడ్డారు. మేము తెలుగు కీర్తన అందుకున్నప్పుడు వాళ్ల పాటల బృందం మాటలు తెలియకపోయినా గొంతు కలిపి, నోరు తెరవకుండా మా వెనుక రాగం పట్టింది. ఆడవాళ్లు ఏడ్చారు. పెట్టె చుట్టూ నిలబడి ఫోటోలు తీయాలనుకున్నప్పుడు నేను కెమెరా తీసుకున్నాను. ఆ ఆల్బమ్ కృష్ణా జిల్లాకు చేరింది. అందులో డీకన్ ఉన్నాడు, గొయ్యి తవ్విన ముగ్గురూ ఉన్నారు, మా ఇంటావిడ వాళ్ల మధ్య ఉంది. కెమెరా నా చేతిలో ఉంది కనుక ఒక్క ఫోటోలోనూ నేను లేను. నాకు అది చాలా సౌకర్యంగా అనిపించింది.

తరువాతి ఏడాది మా సంఘం వేరే హాలుకు మారింది. పార్కింగ్ చాలడం లేదన్నది కారణం. నిజంగానే చాలడం లేదు. ఆమె మాత్రం మాతో రాలేదు. డీకన్ వాళ్ల చర్చిలోనే చేరింది.

1986లో మా పెద్దలు హైవే పక్క తోటలో తెలుగు కుటుంబాలన్నిటికీ కలిపి ఒక వరుస తీసుకున్నారు. నేనూ రెండు చోట్లకు సంతకం పెట్టాను. ఇంటి నుంచి ఎన్ని మైళ్లో, నేల ఎంత ఎత్తో, గడ్డి ఏ నెలల్లో ఎన్నిసార్లు కోస్తారో అన్నీ మా ఇంటావిడకు వివరించాను.

"నన్ను ఎక్కడ పెట్టినా నాకేం పట్టింపు లేదు," అంది. "ఎందుకని మాత్రం అంకెల్లో చెప్పకండి."

1987లో జూన్ 19 శుక్రవారం పడింది. ఆ మర్నాడు సమాధులు శుభ్రం చేసి అందరూ కలిసి భోజనం చేస్తున్నామనీ, తప్పక రమ్మనీ డీకన్ ఫోన్ చేస్తే వెళ్లాను. చెట్ల కింద బల్లలు వేశారు. ఆమె ఏప్రన్ కట్టుకుని వాళ్ల ఆడవాళ్లతో కలిసి వడ్డిస్తోంది. వాళ్లతో మాట్లాడే ఇంగ్లీషు కూడా వాళ్ల యాసలోకి తిరిగింది. నాకు పళ్లెం ఇచ్చి, "బావున్నారా అన్నయ్యగారూ" అని అడిగింది. బాగున్నానన్నాను.

భోజనాలయ్యాక డీకన్ నా మోచేయి పట్టుకుని సమాధుల మధ్యకు నడిపించాడు. అప్పటికి ఆయనకు కళ్లు సరిగా ఆనడం లేదు. నన్ను నడిపించాడో నా మీద ఆనుకున్నాడో చెప్పలేను. ఆ యువకుడి సమాధి పక్కన ఇద్దరికి సరిపడే నేల ఖాళీగా ఉంది. చుట్టూ గడ్డి అంచులు కత్తిరించి ఉన్నాయి.

"ఈ రెండూ నీకూ, మీ ఆవిడకూ," అన్నాడు. "ఆ రోజు నుంచీ ఉంచాను. మావాళ్లు అడిగారు, ఇవ్వనన్నాను. ఆ ఇంజనీరు వెనక్కి వచ్చిన మనిషి, ఆయనకు మా మధ్య చోటుండాలన్నాను. ఎత్తు చాలుతుందో లేదో నువ్వే కొలుచుకో."

ఆమె ఖాళీ పళ్లేలు చేత పట్టుకుని మా వెనుకనే వచ్చి నిలబడింది. తెలుగువాళ్ల ఇళ్లలో ఎవరు ఎక్కడ చోటు తీసుకున్నారన్నది దాగే సంగతి కాదు. ఆమెకు తెలుసునని ఆమె ముఖం చూడగానే నాకు అర్థమైంది.

"చెప్పండి అన్నయ్యగారూ," అంది తెలుగులో, మెల్లగా. "నేనైతే చెప్పను."

డీకన్ ఇద్దరి వైపూ చూసి నవ్వాడు. "ఏమంటోంది?"

"చోటు బాగుందంటోంది," అన్నాను. తరువాత, "థాంక్యూ" అన్నాను.

ఆయన నా భుజం తట్టి, మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా వంగి, నాకని ఉంచిన చోట మొలిచిన కలుపు మొక్కను వేళ్లతో తడిమి పీకి, పారేయడానికి చోటు కోసం చుట్టూ వెతుక్కున్నాడు. నేను చెయ్యి చాచి దాన్ని అందుకున్నాను.